ఎర్రర్ పోయింది సరే... అర్థమైందా?

ప్రాజెక్టు డెమోకి ఇంకా ఒక్కరోజే ఉంది. లాగిన్ పేజీ మీ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే మాత్రం ఎర్ర అక్షరాలు: స్ట్రింగ్‌కి ‘డీకోడ్’ అనేది లేదట! కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. నెట్‌లో వెతికితే ‘ఆ డీకోడ్ తీసెయ్’ అని కనిపిస్తుంది. తీసేస్తారు, పనిచేస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. తీసేయడం తప్పు కాదు. ఎందుకు తీశారో చెప్పలేకపోవడమే అసలు చిక్కు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు అడిగేది ఆ ‘ఎందుకు’ గురించే.

ముందు మూలం చూద్దాం. 2008లో వచ్చిన పైథాన్ 3 స్ట్రింగ్‌నీ బైట్లనీ స్పష్టంగా వేరుచేసింది. స్ట్రింగ్ అంటే మనం చదివే అక్షరాలు. బైట్లంటే డిస్కులో, నెట్‌వర్క్‌లో నడిచే అంకెలు. మన భాషతోనే పరీక్షించండి. ‘తెలుగు’ అనే మాట పొడవెంతో పైథాన్‌ని అడిగితే 6 అంటుంది. గుణింతపు గుర్తుల్ని కూడా అది విడిగా లెక్కేస్తుంది. అదే మాటను యూటీఎఫ్-8లోకి ఎన్‌కోడ్ చేసి అడిగితే 18 అంటుంది. ఒక్కోదానికి 3 బైట్లు మరి. అక్షరాల నుంచి బైట్లకు వెళ్లడం ఎన్‌కోడ్, బైట్ల నుంచి అక్షరాలకు రావడం డీకోడ్. ఈ దిశ గుర్తుంటే సగం తిప్పలు తప్పినట్టే.

ఇప్పుడు టోకెన్ సంగతి. లాగిన్లలో ఎక్కువగా వాడే జేడబ్ల్యూటీని తయారుచేసే పైజేడబ్ల్యూటీ లైబ్రరీ, 1వ వరుస వెర్షన్లలో బైట్లు ఇచ్చేది. పాత పాఠాల్లో చివర డీకోడ్ ఉండేది అందుకే. 2020 డిసెంబరులో వచ్చిన 2.0 నుంచి నేరుగా స్ట్రింగే ఇస్తోంది. స్ట్రింగ్‌ని మళ్లీ డీకోడ్ చెయ్యమంటే అది ఏం చేస్తుంది పాపం! మీ దగ్గర పాత వెర్షన్, స్నేహితుడి దగ్గర కొత్తది. అంతే తేడా. కాబట్టి డీకోడ్ తీసేయడంతో ఆగకండి. ఏ వెర్షన్ వాడుతున్నారో రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రాసిపెట్టండి.

దీనికంటే మాయదారి తప్పు ఇంకోటుంది. బైట్లుగా ఉన్న టోకెన్‌ని ‘ఎస్‌టీఆర్’ ఫంక్షన్‌లో చుట్టేయడం. అక్కడ ఎర్రర్ రాదు. కానీ టోకెన్ ముందు ‘బి’ అక్షరం, చుట్టూ కొటేషన్ గుర్తులు అతుక్కుంటాయి. సర్వర్ ఆ టోకెన్ చెల్లదంటుంది. మీరేమో సీక్రెట్ కీ తప్పేమో అనుకుని రాత్రంతా వెతుకుతారు. అనుమానమొస్తే ముందు ‘టైప్’ ప్రింట్ చేసి చూడండి. ఒక్క లైను పని.

టోకెన్‌లో చుక్కల మధ్య 3 భాగాలుంటాయి: హెడర్, పేలోడ్, సంతకం. పేలోడ్‌ని చేత్తో విప్పబోతే పాడింగ్ సరిగా లేదన్న ఎర్రర్ రావచ్చు. చివరి ‘=’ గుర్తుల్ని జేడబ్ల్యూటీలో తీసేస్తారు కనుక, పొడవు 4తో భాగించబడేలా వాటిని తిరిగి చేర్చాలి. కీ లేకుండానే పేలోడ్ అలా విప్పగలిగారంటే ఎవరైనా విప్పగలరన్నమాటే! కాబట్టి పాస్‌వర్డ్ లాంటివి అందులో పెట్టకండి. ఎర్రర్ పోవాలని సంతకం తనిఖీని ఆపేసే సలహా మాత్రం ఎవరిచ్చినా వినకండి. అలా చేస్తే తలుపు బాగుచేసినట్టు కాదు, తలుపే పీకేసినట్టు.

ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టులో మీకెదురైన సమస్య చెప్పండి’ అంటే చాలామంది ‘టైమ్ సరిపోలేదండి’ అని ఊరుకుంటారు. మీరు ఈ కథ చెప్పండి: ఏం కనిపించింది, ఏమనుకున్నారు, ఎలా తేల్చుకున్నారు, మళ్లీ రాకుండా ఏం చేశారు. దిద్దింది ఒక్క లైనే కావచ్చు. దాని వెనకున్న కారణం చెప్పగలిగితే, మీరు కాపీ కొట్టేవాళ్లు కాదు, పని తెలిసినవాళ్లని అవతలివాళ్లకి తెలిసిపోతుంది. ఈసారి ఎర్రర్ వస్తే, తీసేసే ముందు ఒక్కసారి పూర్తిగా చదవండి.