కప్పు మీద మనిషి

కప్పు మీద నల్లచారలు కనపడగానే హెచ్.ఓ.ఏ. నుంచి ఉత్తరం వస్తుంది. మనవాళ్ళు నాలుగు ఫోన్లు చేసి, అందరికంటే తక్కువ అడిగినవాణ్ణి పిలుస్తారు. అతను నిచ్చెనా, ప్రెషర్ వాషరూ తెస్తాడు. నడుముకి తాడు మాత్రం ఉండదు.

అడ్డంగా 12 అడుగులకి 4 అడుగులు మించి లేచిన కప్పంటే ఓషా లెక్కలో ఏటవాలుదే. పనివాడు పడకుండా ఏర్పాట్లు చెయ్యాల్సింది అతని యజమాని. ఒంటరిగా సొంతానికి పనిచేసుకునే మనిషికి ఆ చట్టం వర్తించదు. చవక అక్కణ్ణుంచే వస్తోంది! (పైగా ప్రెషర్‌కి షింగిల్ మీది రవ్వ ఊడిపోతుంది. ఆ నాచుకి బ్లీచు, నీళ్ళు సగంసగం కలిపి చల్లి, పావుగంటాగి మామూలు ధారతో కడిగితే చాలు.)

వీసా హక్కుల కోసం ఇన్ని పిటిషన్లు పెట్టే మనం, "హార్నెస్ ఉందా? వర్కర్స్ కాంపెన్సేషన్ ఉందా?" అని అడగటానికి మొహమాటపడటం నాకు మింగుడుపడటం లేదు. ఆ రెండూ ఉన్నవాళ్ళు ఎక్కువే అడుగుతారు. ఇద్దాం.