శస్త్రచికిత్సయా, ఔషధ చికిత్సయా?

గుండె నుండి వెలువడే రక్తం శరీరమంతటికీ చేరేది బృహద్ధమని ద్వారానే. ఈ నాళపు గోడలో మూడు పొరలున్నాయి. లోపలి పొర చిరిగితే, రక్తం ఆ చిరుగులో చొరబడి పొరలను విడదీస్తూ ముందుకు సాగుతుంది. దీనినే వైద్యులు ‘అయోర్టిక్ డిసెక్షన్’ అంటారు. పైపు లోపలి రబ్బరు లైనింగు ఒకచోట లేచి, ద్రవపు ఒత్తిడికి పొడవునా ఊడిపోవడం చూసిన మన కార్మిక సోదరులకు ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఛాతీలోనో వీపులోనో హఠాత్తుగా, చీల్చివేస్తున్నట్లు వచ్చే నొప్పి దీని ముఖ్య లక్షణం.

“ఆపరేషను తప్పదా? మందులతో నయం కాదా?” అని బంధువులు అడగడం సహజం. దీనికి సమాధానం ప్రధానంగా చీలిక ఎక్కడ ఉన్నదనే దానిపై ఆధారపడుతుంది. 1970లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఈ వ్యాధిని రెండు రకాలుగా విభజించారు. గుండె నుండి పైకి లేచే భాగం చీలితే ‘ఎ’ రకం. ఆ భాగానికి చీలిక సోకకపోతే ‘బి’ రకం.

‘ఎ’ రకంలో రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలోకి కారి గుండెను నొక్కివేయవచ్చు. కవాటం దెబ్బతినవచ్చు, మెదడుకు రక్తం అందకపోవచ్చు. శస్త్రచికిత్స జరగనివారిలో తొలి 48 గంటలలోనే దాదాపు నలుగురిలో ఒకరు మరణించారని 2022లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం తెలిపింది. కనుక ఇక్కడ సాధారణంగా అత్యవసర శస్త్రచికిత్సే మార్గం.

ఉపద్రవాలు లేని ‘బి’ రకంలో ఔషధాలకే ప్రాధాన్యం. రక్తపోటు పై అంకెను 120 లోపుకు, నాడిని నిమిషానికి 60 దరిదాపులకు దించుతారు. ఒత్తిడితో పాటు ప్రతి స్పందనలోని తాకిడిని తగ్గించడం కూడా దీని ఉద్దేశం. కాళ్ళకో, మూత్రపిండాలకో రక్తం ఆగినా, గోడ పగిలే సూచన కనిపించినా, తొడ దగ్గరి ధమని గుండా స్టెంట్ గ్రాఫ్టు అమరుస్తారు. మందులంటే ఊరక చూస్తూ కూర్చోవడమని భావించరాదు. ఆ రోగికి జీవితాంతం మాత్రలు, నియమిత స్కానులు అవసరం.

ఈ శస్త్రచికిత్సకు 1950లలో బాటవేసిన అమెరికన్ సర్జన్ మైకేల్ డిబేకీకే 2005 డిసెంబరు 31న ‘ఎ’ రకం చీలిక సంభవించింది. అప్పటికి ఆయన వయస్సు 97. మొదట ఆపరేషనుకు ఆయన అంగీకరించలేదు. పరిస్థితి విషమించి స్పృహ తప్పిన తరువాత, 2006 ఫిబ్రవరిలో ఆపరేషను చేశారు. నెలల తరబడి ఆసుపత్రిలో గడిపి కోలుకున్న ఆయన, ఆ నిర్ణయం సరియైనదేనని అన్నారు. 2008 జూలై వరకు జీవించారు. అంతటి వృద్ధాప్యంలో అందరికీ ఇదే ఫలితం లభిస్తుందని చెప్పలేము. రోగి వయస్సు, ఇతర వ్యాధులు, అతని ఇష్టం కూడా వైద్యులు తూచవలసినవే.

ఇట్టి నొప్పి వచ్చినప్పుడు గ్యాసు అని ఇంట్లో జాగు చేయరాదు. సి.టి. స్కాను సౌకర్యం గల ఆసుపత్రికి వెంటనే తరలించాలి. గుండెపోటుగా పొరబడి గడ్డలు కరిగించే మందు ఇస్తే ప్రాణాపాయం కలుగుతుంది. “చీలిక ఏ రకానిది? ఉపద్రవాలున్నాయా?” అన్న రెండు ప్రశ్నలు వైద్యుని అడగండి. మీలో రక్తపోటు ఉన్నవారు, ఒంట్లో బాగుందని మాత్రలు మానవద్దు. ఈ వ్యాధికి అన్నిటికంటే పెద్ద కారణం అదుపు తప్పిన రక్తపోటే.