ఇంటర్వ్యూ కాల్‌కి ఇంట్లోనే బ్రేక్ దర్శనం

క్యాంపస్ సీజన్ మొదలైందంటే తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ఇళ్లలో తెగ వినిపించే ఇంగ్లిష్ మాట ఒకటుంది: ‘సార్, యామ్ ఐ ఆడిబుల్?’ మొదటి రౌండు జూమ్‌లోనో టీమ్స్‌లోనో, హెచ్ఆర్ రౌండు వాట్సాప్ కాల్‌లోనో అయిపోతున్న రోజులివి. మాట తెగితే మనవాళ్లు చేసే మొదటి పని నెట్‌వాళ్లను తిట్టడం. రెండోది, ఇంకో రెండు మూడొందలు పెట్టి పెద్ద ప్లాన్‌కి మారడం. నన్నడిగితే, ఆ డబ్బు పెట్టేముందు పది నిమిషాలు రౌటర్ సెట్టింగ్స్ ముందు కూర్చోవడం మేలు.

లెక్క చూడండి. ఇంటర్నెట్ కాల్‌లో గొంతు మోయడానికి సెకనుకు 100 కిలోబిట్ల లోపే చాలు. పాత జీ.711 పద్ధతిలో గొంతుకి 64, దానిపైన అడ్రసుల బరువు కలిపినా 90 దాటదు. వీడియోతో కలిపితే ఒకటి రెండు ఎంబీపీఎస్. 2017 డిసెంబర్‌లో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకి ఇస్తామన్న కనెక్షనే 15 ఎంబీపీఎస్. టీవీ, ఫోను కూడా అదే తీగలో. మరి మాటెందుకు తెగుతోంది?

కాల్‌కి కావాల్సింది వేళకి చేరడం. ఇక్కడి నోటి నుంచి అక్కడి చెవికి 150 మిల్లీసెకన్లలోపు చేరితే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ చెబుతుంది. అది దాటేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం. అవతల కూర్చున్న మనిషికి అది నెట్ ఆలస్యంలా కనిపించదు. జవాబు తెలియక తడుముకుంటున్నట్టు, లేదా తన మాటకి అడ్డొస్తున్నట్టు కనిపిస్తుంది. నాలుగేళ్ల చదువుని ఇరవై నిమిషాల్లో తూచేచోట ఇది చిన్న సంగతేం కాదు.

తిరుమలకి రెండు ఘాట్ రోడ్లు. 1944 నాటిది దిగడానికి, 1974లో వేసింది ఎక్కడానికి. మన కనెక్షనూ అంతే, డౌన్‌లోడ్ ఒక దారి, అప్‌లోడ్ ఇంకో దారి. మీ గొంతు వెళ్లేది ఎక్కే దారిలో. అక్కడ నాన్న ఫోను పెళ్లి వీడియోలన్నీ గూగుల్ ఫొటోస్‌కి ఎక్కిస్తోందనుకోండి, వాకిట్లో సీసీ కెమెరా క్లౌడ్‌కి పంపుతోందనుకోండి, మీ మాట బస్సుల వెనకాల చిక్కిన స్కూటరే. దిగే దారి ఎంత ఖాళీగా ఉంటే ఏం లాభం? మనమేమో స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతుంటాం.

రౌటర్‌లోని క్యూఓఎస్ అనే సెట్టింగ్ కొత్త రోడ్డు వేయదు. వరుసలో ఎవరు ముందో చెబుతుంది. సర్వదర్శనం, 300 రూపాయల టికెట్, వీఐపీ బ్రేక్ చూస్తూ పెరిగినవాళ్లకి ఇది వేరే వివరించాలా! గుడి పెద్దదవదు, వరుస మారుతుంది, అంతే. (గుళ్లో ఆ పద్ధతి మీద నా అభిప్రాయం వేరు, అది ఇంకో రోజు.)

బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1 కొట్టండి. అడ్రస్, పాస్‌వర్డ్ మామూలుగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. క్యూఓఎస్ ఆన్ చేస్తే మొత్తం బ్యాండ్‌విడ్త్ ఎంతని అడుగుతుంది. ఇక్కడే చాలామంది ప్లాన్‌లో ఉన్న అంకె వేసేస్తారు. వద్దు. ఇంట్లో ఎవరూ వాడనప్పుడు ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి కొలవండి, వచ్చినదాంట్లో 85-90 శాతమే రాయండి. అప్‌లోడ్ 20 వస్తే 17 లేదా 18. లైను మోయగలిగిన దానికన్నా ఎక్కువ రాస్తే క్యూ మీ రౌటర్‌లో కాకుండా కంపెనీ పెట్టెలో పేరుకుంటుంది, అక్కడ మీ మాట చెల్లదు. తర్వాత డివైస్ లిస్టులో మీ ల్యాప్‌టాప్‌కి ప్రయారిటీ ఇవ్వండి. కొన్ని టీపీ-లింక్ రౌటర్లలో గంట, రెండు గంటలు అని టైం కూడా పెట్టుకోవచ్చు. ఆ తర్వాత తమ్ముడి గేమ్ తమ్ముడిది. ఇల్లంతా నెట్ ఆపేసి, సీరియల్ చూస్తున్న అమ్మ మీద అరవాల్సిన పని లేదు.

పని చేసిందో లేదో చూడాలంటే ల్యాప్‌టాప్‌లో 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టి, ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్ చేయండి. 20 మిల్లీసెకన్లున్నది 300కి ఎగిరితే సెట్టింగ్ ఇంకా పట్టలేదని అర్థం. అందరూ ఒకే రౌటర్ గుండా పోతున్నారో లేదో కూడా చూసుకోండి. మీరు కొన్న రౌటర్‌లో మీరు, కంపెనీ పెట్టె వైఫైలో మిగతావాళ్లు ఉంటే ఈ తంటా అంతా వృథా. కంపెనీ ఇచ్చిన పెట్టెల్లో కొన్నిట్లో ఈ మెనూనే ఉండదు. వైఫై రెండు గోడలు దాటి రావాల్సిన గదిలో కూర్చుంటే క్యూఓఎస్ ఏం చేయలేదు, లాన్ కేబుల్ లాగాల్సిందే. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్న ఇంట్లో తేడా తెలియకపోవచ్చు కూడా. చిన్న ప్లాన్లు, 4జీ రౌటర్లు ఉన్నచోట బాగా తెలుస్తుంది.

నాకు అసలు విడ్డూరంగా అనిపించేది వేరే. మన ఈసీఈ, సీఎస్ఈ పిల్లలు కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో లీకీ బకెట్, టోకెన్ బకెట్ బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ బకెట్టే ఇంట్లో టీవీ పక్కన లైట్లు మినుకుమినుకుమంటూ ఉంటే ఒక్కసారీ తెరిచి చూడరు. నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగానికి వెళ్లినవాళ్లు ‘మా ఇంట్లో పింగ్ ఇంత ఉండేది, ఇలా తగ్గించా’ అని చెబితే, బట్టీ పట్టిన నిర్వచనం కన్నా అదే నిలుస్తుంది.

అయితే ఇంట్లో రౌటరే లేని పిల్లలున్నారు. హాస్టళ్లలో ఇరవైమందికి ఒకటే రౌటర్, దాని పాస్‌వర్డ్ ఓనర్ దగ్గర. వాళ్లకి ఈ వ్యాసం పనికిరాదు. రెజ్యూమే, స్పోకెన్ ఇంగ్లిష్ అంటూ క్లాసులు పెట్టే ప్లేస్‌మెంట్ సెల్స్ ఒక గదిలో నాలుగు లాన్ పాయింట్లు, ఒక యూపీఎస్ పెట్టడం పెద్ద ఖర్చా? ఆ గది ఆదివారం కూడా తెరిచి ఉండాలి, ఆఫ్‌-క్యాంపస్ ఇంటర్వ్యూలు సెలవు రోజుల్లోనూ పెడుతున్నారు కదా.