గేదె కడుపులో ఇనుపముక్క

పూటకు రెండు మూడు లీటర్లిచ్చే గేదె ఉన్నట్టుండి పాలు ఎగ్గొడుతుంది. మేత ముట్టదు, నెమరు వేయదు. వీపు గూనిలా వంచి, ముందుకాళ్ల మోచేతులు ఎడంగా పెట్టి నిలబడుతుంది. కాల్వగట్టు దిగేటప్పుడు మూలుగుతుంది. చల్లపల్లి, అవనిగడ్డ పల్లెల్లో దీన్ని దిష్టి అనేవారు, వాతలు పెట్టేవారు ఇంకా ఉన్నారు. చాలాసార్లు అసలు దోషం కడుపులోని ఇనుపముక్కది.

గేదె మేతను ఏరుకుని తినదు. ముందు మింగుతుంది, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. గడ్డిలోని మేకో, తీగముక్కో తేనెపట్టు గదుల్లా ఉండే రెండో పొట్టలో చేరుతుంది. ఆ పొట్ట ముడుచుకున్నప్పుడల్లా మొన గుచ్చుకుంటుంది. గోడకు చిల్లి పడితే కడుపు లోపలి పొర వాచి చీము పడుతుంది. ఆ పొట్టకు ఎదురుగా, పలుచని కండపొర అవతలే గుండె ఉంది. మొన అక్కడికి చేరిందా, మెడనరాలు తాళ్లలా ఉబ్బుతాయి, రొమ్ము కింద నీరు దిగుతుంది. ఇక వైద్యం చెయ్యి దాటినట్టే. చూడిగేదెకు మరీ ప్రమాదం. కడుపులో దూడ బరువు, ఈనేటప్పటి ముక్కుడు మొనను ముందుకు నెడతాయి.

ఈ ఇనుము ఎక్కడిది? ఇళ్ల కట్టుబడిలో చువ్వలకు బిగించే సన్నతీగ ముక్కలను రోడ్ల పక్కన, కాల్వగట్ల మీద పారబోస్తున్నారు. దివిసీమలో చేపల, రొయ్యల చెరువులు పెరిగాయి, మేత బీళ్లు తరిగాయి. సెంటు భూమి లేని కూలీ తన గేదెను ఆ గట్ల మీద కాక ఇంకెక్కడ మేపుకుంటాడు? అది చచ్చిపోతే పాలడబ్బు పోతుంది, గేదె మీద తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది.

దీనికి ఉపాయం లేకపోలేదు. వేలెడు అయస్కాంతాన్ని నోటి గుండా మింగిస్తే జీవితాంతం ఆ పొట్టలోనే ఉండి ఇనుమును పట్టి ఉంచుతుంది. రాగి, అల్యూమినియం తీగలను మాత్రం పట్టదు. తొలి రోజుల్లో గుర్తిస్తే సూదిమందులిచ్చి, ముందుకాళ్లు ఎత్తులో ఉండేలా కదలకుండా కట్టి కాపాడవచ్చు. అప్పటికీ కుదరకపోతే ఎడమ డొక్క కోసి ముక్కను తీయాలి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉన్నమాట నిజమే. నిలబడలేని గేదెను బండి మాట్లాడుకుని అంతదూరం తీసుకెళ్లే స్తోమత ఎంతమందికి ఉంది?

అందుకే మేము అడుగుతున్నాం. ప్రతి పశువైద్యశాలలో అయస్కాంతాలు ఉచితంగా వేయాలి. ఈ ఆపరేషన్ దివిసీమలోనే జరిగే ఏర్పాటు ఉండాలి. గట్ల మీద ఇనుపచెత్త పారబోతను పంచాయతీలు ఆపించాలి. రైతు సంఘాలు, కూలీ సంఘాలు ఈ కోర్కెలతో కదలాలి.

రైతు సోదరులకూ, పాడి చూసుకునే అక్కచెల్లెళ్లకూ ఒక మాట. పాక బాగుచేసిన రోజు మేకులు ఏరండి. గడ్డి దులిపి వేయండి. వాతలు మానండి. పాలు తగ్గిన రోజే డాక్టరుకు చూపించండి.