పొట్టిక్క బుట్ట ఒక్కరి పని కాదు

కనుమ నాడు మినుము కొరకాలంటారు కదా. చాలా ఇళ్ళలో ఆ మినుము గారెల్లో వస్తుంది. అంబాజీపేట దగ్గర మా అత్తవారింట్లో మాత్రం కనుమ పొద్దున్న పొట్టిక్కలు ఉండాల్సిందే. అవి తిన్నాకే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయలుదేరడం.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. నాలుగు పనసాకులు ప్లస్ గుర్తులా పరిచి, అంచులు పైకి మడిచి, కొబ్బరి ఈనె ముక్కలతో గుచ్చితే చిన్న బుట్ట అవుతుంది. గ్లాసు మినపగుళ్ళకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపి పులియబెట్టిన పిండి అందులో ముప్పావు వంతు పోసి, ఆవిరి మీద ఉడికించాలి. ఇడ్లీ పిండే, కానీ పనసాకు వాసన పట్టేసరికి ఆ రుచే వేరు. వేడివేడిగా ఆకు వలిచి, నెయ్యి వేసుకుని, అల్లం పచ్చడితో తింటే ఇంకేం అక్కర్లేదు.

తినడం ఇంత తేలిక. చేయడం లెక్క వేసుకోండి. పండక్కి పదిహేను మందిమి. మనిషికి నాలుగు చొప్పున 60 బుట్టలు, 240 ఆకులు, అన్ని ఈనె ముక్కలూ. పండగ నాడు వంటంతా అయ్యాక సాయంత్రం నుంచి కుట్టుకుంటూ కూర్చునేది అత్తయ్యగారు, తోటికోడలు, నేను. ఆ టైముకి మగవాళ్ళు పేకాటలోనో పందేల దగ్గరో ఉంటారు. మర్నాడు నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించేదీ మేమే. "మా ఇంట్లో పొట్టిక్కలు ఇప్పటికీ ఇంట్లోనే చేస్తాం" అని ఊరంతా చెప్పుకునేది మాత్రం వాళ్ళు. ఇరవై రెండేళ్ళు నేనేమీ అనలేదు.

కిందటేడు అత్తయ్యగారి వేళ్ళ కణుపులు వాచిపోయాయి. ఈనె పట్టుకోలేకపోతున్నారు. "ఈసారికి అంబాజీపేట హోటల్లో చెప్పేద్దాం వదినా" అన్నాడు మరిది. మావయ్యగారికి నచ్చలేదు. "మా అమ్మ నాటి ఆనవాయితీ, మానేస్తే ఎలా? కోడళ్ళున్నారుగా" అన్నారు.

నాకు కోపం కాదు, దుఃఖం వచ్చింది. అత్తయ్యగారి వేళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అప్పుడన్నాను. "మావయ్యగారూ, అందరూ కూర్చుంటే కుడదామండి. లేకపోతే హోటల్ నుంచే తెచ్చుకుందాం. మేమిద్దరమే మాత్రం కుట్టలేం."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత మావయ్యగారే లేచి చాకు తెమ్మన్నారు. చిన్నప్పుడు వాళ్ళమ్మగారి పక్కన కూర్చుని ఈనెలు చీరేవారట! ఆ సంగతి మాకెవరికీ తెలీదు. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్న అత్తయ్యగారికి కూడా. ఆయన చీరుతుంటే మావారు, మరిది, పిల్లలు చుట్టూ చేరారు. మావారు కుట్టిన బుట్టల్లో సగం కారిపోయాయి. పిల్లలు వాటికి చిల్లు బుట్టలని పేరు పెట్టారు. రాత్రి పదకొండయింది. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని తప్పులు పట్టారు. "పండగ సాయంత్రం నేనిలా ఖాళీగా కూర్చోవడం ఇదే మొదలే అమ్మాయ్" అన్నారు నాతో మెల్లిగా.

టెక్సాస్‌లో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్లో ఇదంతా చెప్తే నవ్వింది. ఆవిడ పక్కింటి మెక్సికో వాళ్ళు క్రిస్మస్ ముందు తమాలేలు చేసుకుంటారట. మొక్కజొన్న పొత్తు మీది ఎండిన పొర మీద మొక్కజొన్న పిండి రాసి, మధ్యలో మాంసమో మిరపకాయలో పెట్టి, చుట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. అలా చుట్టుకోవడానికి అందరూ కలవడానికే తమలాడా అని పేరుందట. ఒకరు పిండి రాస్తే ఒకరు చుడతారు. "వాళ్ళింట్లో తినేవాడు పని చెయ్యాలి వదినా, అదీ రూలు" అంది.

సంప్రదాయాలు పోతున్నాయని మనం తెగ బాధపడతాం. ఆడవాళ్ళకి ఓపిక తగ్గింది అని సులువుగా అనేస్తారు కూడా. నా మాట మాత్రం ఇది. ఒక్క మనిషి నడుం మీద నిలబడే ఆనవాయితీ ఆ నడుం వంగిన రోజే పోతుంది. హోటల్ నుంచి తెచ్చుకోవడం తప్పేం కాదు. ఒంట్లో బాగోని మనిషి చేత చేయించుకుని తినడం కంటే అదే నయం. కానీ నిజంగా నిలబెట్టుకోవాలనుంటే పని అందరికీ నేర్పాలి, ముఖ్యంగా మగపిల్లలకి.

ఆ మర్నాడు జగ్గన్నతోటలో నిలబడి చూశాను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తున్నాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటుతుంటే ఎన్ని భుజాలో! అలసినవాడు తప్పుకుంటే ఇంకొకడు భుజం పెడుతున్నాడు. ఇది ఒక్కడి పనే అని అక్కడెవరూ అనరు. మరి వంటింట్లో ఎందుకంటాం?

ఈసారి పండక్కి ఆకులు కోసే పని మా అబ్బాయిది. ఇప్పుడే చెప్పేశాను. మీ ఇంట్లో అరిసెలో, జంతికలో, ఏదైనా సరే, ఈసారి ఎవరెవరు కూర్చుంటారో ముందే తేల్చుకోండి.