హాస్యము – అపహాస్యము

2019 సంక్రాంతికి వెలువడిన 'ఎఫ్2' చలనచిత్రమునకు ఉత్తరభాగముగా 'ఎఫ్3' 2022 మే 27వ తేదీన వెలువడినది. ఆ చిత్రమును గూర్చి తెలుగు ప్రేక్షకులు రెండు పక్షములుగా చీలిరి. ఇంటిల్లిపాదియు గూర్చుండి కడుపుబ్బ నవ్వితిమని ఒక పక్షము. కథకు తలయు తోకయు లేదు, హాస్యము ముతక యని రెండవ పక్షము. వీరు వారిని పామరులందురు. వారు వీరిని నవ్వనేరని పండితులందురు. ఈ కలహములో అసలు ప్రశ్న మరుగునబడినది. నవ్వితిమా లేదా యనునది కాదు ప్రశ్న. దేనిని జూచి నవ్వితిమి?

మేము హాస్యమునకు శత్రువులము కాము. సంఘసంస్కరణమునకు వీరేశలింగము పంతులుగారు ప్రహసనములను ఆయుధములుగా జేసికొనిరి. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో రంగమెక్కినది. నేటికిని నవ్వించుచునే యున్నది. గిరీశమును జూచి నవ్వుట వాని డాంబికమునకు. లుబ్ధావధానులను జూచి నవ్వుట వాని లోభమునకు, ముదిమిలోని పెండ్లియాశకు. ఇవి మనుష్యుడు చేజేతుల దెచ్చికొన్న దోషములు, విడువదలచినచో విడువగలడు. కావుననే ఆ నవ్వు సంఘమునకు మందైనది.

'ఎఫ్3'కు ఇట్టి యవకాశము లేకపోలేదు. మొదటి చిత్రము ఆలుమగల కీచులాటలపై నడచినది; రెండవది ధనాశను వస్తువుగా గైకొన్నది. తప్పిపోయిన కుమారునికై ఒక ధనికుడు వెదకుచుండగా, ఆ యాస్తికై వారసులము మేమే యని పలువు రెగబడుదురు. ప్రహసనమునకు ఇంతకంటె మంచి వస్తువేమి కావలెను? ధనమునకై తండ్రినే మార్చుకొన సిద్ధపడు మనుష్యులను జూచి ఎంత నవ్వినను తప్పులేదు. దర్శకుడు అనిల్ రావిపూడి ఈ దారిని వీడకున్నచో మేమును చప్పట్లు చరచియుందుము. కాని ఒక నాయకునికి రేచీకటిని, వేరొకనికి నత్తిని తగిలించి, వారి తడబాటును నవ్వులకు పెట్టుబడిగా జేసినారు.

రేచీకటి మన దేశ మెరుగని వింతయా? ఆహారములో 'ఏ' విటమిను కొరవడిన బిడ్డలయందు తొలుత గనబడు గుర్తులలో అది యొకటి; ముదిరినచో చూపే పోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల యాధారముననే, చిన్నబిడ్డలకు ఆరుమాసముల కొకమారు 2 లక్షల యూనిట్ల విటమిను పోయు పథకము 1970లో ఆరంభమైనది. పేదవాని పళ్లెములోని వెలితి బిడ్డ కంటిలో చీకటి యైనది. పుట్టుకతోడనే ఆ చీకటిని మోయువారును గలరు. నత్తియు నట్టిదే, ఎవ్వరును కోరి తెచ్చికొన్నది కాదు.

“నవ్వుటకు దీసిన చిత్రము, బుద్ధిని ఇంటబెట్టి రండు” అని సమర్థకులు వాదింతురు. ప్రేక్షకుని ఇంతకంటె అవమానించు మాట లేదు. చిత్రము రెండున్నర గంటలలో ముగియును. తెరమీది నత్తిని తోటిపిల్లలు మరునాడు అనుకరించినపుడు, బడిలో లేచి పాఠమప్పజెప్పవలసిన నత్తిబిడ్డకు మాత్రము అది ముగియదు. వాడు పాఠము వచ్చియు రాదని కూర్చుండును. ఆ కుటుంబమునకు ఇది ఏపాటి కుటుంబచిత్రము?

2024 జూలై 8వ తేదీన సుప్రీంకోర్టు 'ఆంఖ్ మిచోలీ' అను హిందీచిత్రముపై వచ్చిన వ్యాజ్యములో ఇదే భేదమును జూపినది. అందును రేచీకటియు నత్తియు నవ్వులపాలైనవి. వైకల్యమును అర్థము చేసికొనుటకు దోడ్పడు హాస్యము వేరు, వికలాంగుని కించపరచు హాస్యము వేరు అని న్యాయస్థానము చెప్పినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును, వారి గౌరవమును చిత్రనిర్మాతలకు జ్ఞాపకము చేసినది.

మేము నిషేధమును గోరము. కత్తెర పట్టిన ప్రభుత్వము దేనిని గత్తిరించునో యెరుగుదుము. ఈ దోషమును దిద్దవలసినది ప్రేక్షకుడు. డబ్బిచ్చి టిక్కెట్టు గొన్నవాడు నవ్వునుగూడ నమ్ముకొనలేదు. లోభిని జూచి నవ్వుడు, దంభుని జూచి నవ్వుడు, దొంగవారసుని జూచి పగలబడి నవ్వుడు. కంటివెలుగు లేనివాడు తడుముకొనుచున్నపుడు మాత్రము నవ్వు నాపుడు. సభలో ఆ నవ్వు లేవనినాడు, ఆ హాస్యమును వ్రాయువాడును ఉండడు.