తాత పేరు పూచీ కాదు

ముప్పై ఏళ్లు పాలకొండలో పోస్టాఫీసు ఆర్‌డీ ఏజెంటుగా ఇల్లిల్లూ తిరిగాను. "మీ పోస్టాఫీసు ఏటిస్తాదమ్మా, ఆ ఫైనాన్సోళ్లు వడ్డీ ఎక్కువిస్తన్నారు" అన్నవాళ్లకు లెక్కలేదు. మా వీధి చివర ఇడ్లీలు వేసే పెద్దావిడ అలాగే అటు వెళ్లింది. ఆ ఫైనాన్సు తండ్రి పెట్టిన సంస్థ. కొడుకు చేతికొచ్చిన మూడో ఏడు మూతపడింది. బాండు కాగితాన్ని ఇప్పటికీ పాల కవరులో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. "అంత మంచోడి కొడుకు ఎలా ముంచాడమ్మా?" అని నన్నే అడుగుతుంది.

ఇలాంటి కథ కొత్తది కాదు. వందేళ్ల కిందట ఇలాగే మునిగిన మద్రాసు అర్బత్‌నాట్ కంపెనీ మా ఊరికి పరాయిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పాలకొండ ఎస్టేటును ఏళ్ల తరబడి కౌలుకు తీసుకున్నది వాళ్లే. ప్యారీ, బిన్నీలతో సమానంగా నిలిచిన ఆ కుటుంబ సంస్థకు వారసుడు సర్ జార్జ్ అర్బత్‌నాట్. పింఛనుదార్లు, వితంతువులు, చిరుద్యోగులు ఆ పేరు చూసే డబ్బు దాచారు. 1906 అక్టోబరు 22న చెల్లింపులు ఆగిపోయాయి. అప్పులు కోట్ల రూపాయల్లో తేలాయి. సంస్థ అంతకు ముందే లోపల గుల్లయింది, అయినా డిపాజిట్లు తీసుకుంటూనే ఉన్నారు. సర్ జార్జ్‌కు 18 నెలల కఠిన కారాగార శిక్ష పడింది. ఆ దెబ్బ తిన్న మద్రాసు పెద్దలే 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టారు.

వారసుడికి ఆస్తితోపాటు తాత పేరూ దక్కుతుంది. ఆ పేరు చెప్పి కొత్త డిపాజిట్లు తేవడం సులువు, లోటు ఒప్పుకోవడమే కష్టం. వ్యాపారం దెబ్బతిని నష్టపోయినవాడిని చూస్తే నాకూ జాలే. లోటు తెలిసీ ఇంకో ముసలమ్మ దగ్గర డబ్బు తీసుకున్నవాడు మాత్రం దొంగే.

బ్యాంకులో అయితే 5 లక్షల వరకు బీమా ఉంది. మా పెద్దావిడ నమ్మినలాంటి ఫైనాన్సుల్లో అదీ లేదు. 2019లో వచ్చిన అనధికార డిపాజిట్ల నిషేధ చట్టం జప్తు ఆస్తుల్లో డిపాజిటర్లకే ముందు హక్కు ఇచ్చింది. కానీ ఆ హక్కు చేతికి డబ్బుగా వచ్చేదెప్పుడు? డిపాజిట్లు తీసుకుని తిరిగివ్వని అగ్రిగోల్డ్ సంస్థ బాధితుల్ని అడగండి, ఎన్నేళ్లు రోడ్డెక్కారో చెబుతారు.

ప్రభుత్వానికి నా మొర ఒక్కటే. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగకండి. జప్తు చేసిన ఆస్తులు అమ్మించి, చిన్న మొత్తాలు దాచుకున్నవాళ్లకు ముందు చెల్లించండి. మా వీధి పెద్దావిడకు ఇప్పుడు డెబ్బై రెండేళ్లు.